చీపురు గుట్ట

పళ్ళెంలో బియ్యం పలచగా పరిచి
"రాయప్పా" అన్నాడు తమ్ముడు.
బ కింద క్రావడి చుట్టేసరికే
బియ్యం పక్కకి జరిగిపోయింది.
ఇరవై ఏళ్ళుగా అంగన్‌వాడీలో అఆలు దిద్దించేదాన్ని
ఇరవై ఒక్క రోజుల వాడి ముందు తడబడ్డాను.

బ్రాండన్.

పంతులుగారు బ రావాలన్నారు, వచ్చింది.
ఎక్కడ దొరికిందిరా ఈ పేరు అంటే
గరివిడి సంతలో, నూటికి రెండు బనీన్ల గుట్టలో,
ఒకదాని వీపు మీద, అన్నాడు.
నైట్ షిఫ్టుకి అదే తొడుక్కునేవాడట.
ఫర్నేసు వైపు తిరిగి నిలబడితే
వెనకనుంచి సూపర్‌వైజరు ఆ పేరుతోనే కేకేసేవాడట.
"మిషన్ల మోతలో కూడా వినబడిన పేరప్పా ఇది."

నేనేమంటాను?
నా రిజిస్టర్లో ధన్విక్‌లు ముగ్గురు, జశ్విన్‌లు ఇద్దరు.
అర్థమడిగితే ఫోన్లో చూసి చెప్తామంటారు.

అమ్మ మాత్రం పీట మీదనుంచి
"ఏటే అది, బేండా? పెళ్ళిలో వాయించీదా?"
అందరూ నవ్వారు. అమ్మ నవ్వలేదు.
"నవ్వితే నవ్వండి. పేరన్నాక అరతం ఉండాల.
నా పేరుకుంది."

ఉంది.
అమ్మకంటే ముందు ఇద్దరు పుట్టి
పొత్తిళ్ళలోనే పోయారు.
మూడోది పుట్టగానే మంత్రసాని చేటలో పడుకోబెట్టి
కుంచెడు తవుడుకి ఎదురింట్లో అమ్మేసింది.
పొద్దుగూకే వేళకి అదే తవుడు తిరిగిచ్చి
కొని తెచ్చుకున్నారు.
చావు తొంగి చూస్తే ఏముందక్కడ,
తవుడు ధర పలికిన సరుకు.
ముట్టుకోబుద్ధి కాక వెళ్ళిపోయింది.
తవిటమ్మ. డెబ్బై మూడేళ్ళు.

మర్నాడు సెంటర్లో
పిల్లలు గుడ్లు తిని నిద్రపోయాక
బరువులు ఎక్కించే ఫోన్లోనే వెతికాను.

ఇంగ్లండులో ఎక్కడో ఒక గుట్ట.
గుట్ట నిండా పసుపుపూల పొదలు.
ఆ రెమ్మలే కోసి, కట్ట కట్టి, వాకిళ్ళు ఊడ్చుకునేవారు.
పొదకీ చీపురుకీ వాళ్ళ భాషలో ఒకటే మాట.
గుట్ట పేరు ఊరికొచ్చింది.
ఊరు విడిచినవాళ్ళకి ఊరి పేరే ఇంటిపేరైంది.
ఆ ఇంటిపేరు కొన్ని తరాలు మనుషుల వెనకే నడిచి
ఎప్పుడో ముందుకొచ్చి
ఒక పిల్లాడి పేరై కూర్చుంది.
ఇంకోచోట ఇంకోలా రాశారు,
ఐర్లాండు వాళ్ళ పేరేదో ఇందులో కలిసిందని,
రాకుమారుడని అర్థమని.

తమ్ముడికి రాకుమారుణ్ణి చెప్పాను.
ఆ మాట వాడు ఫర్నేసు దాకా మోసుకెళ్ళాడు.
అమ్మకి చీపురు చెప్పాను.

బియ్యంలో రాళ్ళేరుతున్న చెయ్యి ఆగింది.
"చీపురు గుట్టా?"
"అవునమ్మా."
"మరది మనూరే కదే!"

స్టేషన్లో పసుపు బోర్డు మీద
మూడు భాషల్లో రాసి ఉంది ఊరి పేరు.
చీపురుపల్లి అని నా చేత్తో ఎన్ని అర్జీలు రాశానో,
అందులో చీపురు ఉన్నట్టు
ఒక్కనాడూ నా చెవిన పడలేదు.
ఏ చీపురో, ఏ కొండ దిగిందో, ఎవరు కట్టారో,
అడుగుదామంటే చెప్పేవాళ్ళు లేరు.

అమ్మకి అవన్నీ అక్కర్లేదు.
"దిష్టి తీసీదే చీపురుతోటి. దానికి మళ్ళీ దిష్టేటి?
ఉండనీ. మంచి పేరే ఎట్టేడు నీ తమ్ముడు."
గుంటడి బుగ్గ పుణికి
"ఏరా, చీపురోడా" అంది.
వాడు తుమ్మాడు.

రిజిస్టర్లో నలభై రెండో నంబరు.
మూడు కేజీల ఎనిమిది వందలు.
బ్రాండన్, తండ్రి శివున్నాయుడు.
క్రావడి ఈసారి సరిగ్గానే చుట్టాను.

ఆ బనీను ఇప్పుడు వాడి పక్కగుడ్డ.
ఉతికి ఉతికి
వీపు మీది ఇంగ్లీషు అక్షరాలు చివరినుంచి ఊడుతున్నాయి.
మూడు పోయాయి.
మిగిలిన నాలుగూ కలిపి చదివితే బ్రాన్.
తవుటి నూనె ప్యాకెట్టు మీద రోజూ చూసే మాటే.

అమ్మకి ఇంకా చెప్పలేదు.